మోవర్ మొరాయించేది ఏప్రిల్‌లోనే

అమెరికాలో అర ఎకరం దాటిన స్థలంలో ఇల్లు కొన్నవాళ్లకి తోసే మోవర్ చాలదని మొదటి వేసవిలోనే తెలిసిపోతుంది. అర ఎకరమంటే ఆంధ్రా లెక్కలో 50 సెంట్లు, తెలంగాణ లెక్కలో 20 గుంటలు. అప్పుడు గరాజ్‌లోకి ఎక్కి నడిపే మోవర్ వస్తుంది. వేల డాలర్లు పోసి కొన్న ఆ బండి ఎన్నాళ్లు మన్నుతుందన్నది ఏళ్లలో కన్నా గంటల్లో చూసుకోవాలి. వారానికి గంట చొప్పున ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా కోస్తే ఏడాదికి 30 గంటలు, పదేళ్లకు 300. వేళకు ఆయిల్ మార్చిన ఇంజన్‌కి అదేమంత పెద్ద వయసు కాదు. అయినా పదేళ్లు నిండకుండానే మూలనపడే మోవర్లు బోలెడు. నన్నడిగితే వాటిని ఎక్కువగా పాడుచేసేది కోత కాదు, చలికాలం.

బంకులో దొరికే గ్యాస్‌లో మామూలుగా 10 శాతం ఇథనాల్ ఉంటుంది. అది గాలిలోని తేమను లాక్కుంటుంది. అక్టోబరులో ట్యాంకులో మిగిలిన గ్యాస్ వసంతానికల్లా పాతబడి, కార్బ్యురేటర్‌లోని సన్నటి రంధ్రాల్లో జిగురుగా పట్టేస్తుంది. ఆఖరి కోత నాడే ట్యాంకులో స్టెబిలైజర్ పోసి, అది లోపలిదాకా చేరేలా పది నిమిషాలు ఇంజన్ నడిపితే ఈ బెడద చాలావరకు ఉండదు. పంపు దగ్గర చౌకగా కనిపించే, ఇథనాల్ ఇంకా ఎక్కువుండే ఇ15 మాత్రం పోయొద్దు. మోవర్ ఇంజన్లలో దాన్ని వాడటానికి ఫెడరల్ నిబంధనలే ఒప్పుకోవు. ఇంజన్ కవరు కింద ఎలుకలు గూడు కట్టాయేమో కూడా చూసుకోవాలి. ఇవి గాలితో చల్లబడే ఇంజన్లు. ఆ దారి మూసుకుపోతే మాడిపోతాయి.

ఏప్రిల్‌లో తాళం తిప్పగానే ఇంజన్ సగం చుట్టు తిరిగి ఆగిపోవడం మరో జబ్బు. అందరూ ముందు బ్యాటరీ మారుస్తారు, ఆ తర్వాత స్టార్టర్. ఒకే సిలిండర్ ఉన్న బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ ఇంజన్లలో దోషం చాలాసార్లు వాల్వుల దగ్గర ఉంటుంది. స్టార్టయ్యేటప్పుడు సిలిండర్‌లో ఒత్తిడి కాస్త తగ్గించడానికి క్యామ్‌షాఫ్ట్ మీద ఓ చిన్న ఏర్పాటు ఉంది. అది వాల్వును వెంట్రుకవాసి ఎత్తుతుంది. వాడగా వాడగా వాల్వు సందు పెరిగితే ఆ కాస్త ఎత్తూ అందదు. నిండు ఒత్తిడిని నెట్టలేక స్టార్టర్ చతికిలబడుతుంది. వాల్వు కవరు విప్పి, ఫీలర్ గేజ్ పెట్టి, మాన్యువల్‌లో ఉన్న కొలతకు సందు సరిచేస్తే సరి. శనివారం పొద్దున్నే మొదలుపెడితే భోజనాల వేళకి అయిపోయే పని. చేతకాదనుకుంటే ఫిబ్రవరిలోనే మెకానిక్కుకి ఇచ్చేయండి; ఏప్రిల్‌లో వాళ్లు ఎవరికీ దొరకరు.

బ్లేడ్లను కప్పే డెక్ సంగతి సులువే. తడి గడ్డి అడుగున గట్టిపడి రేకును తుప్పు పట్టిస్తుంది. ఎండాక గీకేస్తే చాలు.

కొనేటప్పుడు అందరం హార్స్‌పవర్ అడుగుతాం. అడగాల్సింది వెనక చక్రాల మధ్య ఏ ట్రాన్స్‌మిషన్ ఉందని. టెనెసీలోని టఫ్ టార్క్ కంపెనీ చేసే కె46 రకరకాల బ్రాండ్ల మోవర్లలో కనిపిస్తుంది. చదును నేల మీద ఏళ్ల తరబడి పనిచేస్తుంది. మిట్టపల్లాల్లో తిప్పినా, వెనక బరువైన ట్రాలీ తగిలించినా లోపలి ఆయిల్ వేడెక్కి పలచబడుతుంది. అరగంట కోశాక మిట్ట ఎక్కలేక మూలుగుతుంది. ఆయిల్ మారుద్దామంటే దించడానికి అడుగున బిరడా ఉండదు. యూనిట్ మొత్తాన్ని బండి నుంచి విప్పి బోర్లించాలి. కొత్తది వేయిద్దామంటే ఆ ఖర్చు పాత మోవర్ వెలను దాటిపోవచ్చు. ఏటవాలు స్థలం ఉన్నవాళ్లు డెక్ వెడల్పు తగ్గించుకునైనా గట్టి ట్రాన్స్‌మిషన్ ఉన్న గార్డెన్ ట్రాక్టర్ తీసుకోవాలంటాను.

బ్లేడు మీద చెయ్యి వేసేముందు స్పార్క్ ప్లగ్ వైరు పీకేయాలి. బండిని జాకీ ఒక్కదాని మీదే నిలబెట్టి కింద దూరకూడదు. మనిషి లేవగానే ఇంజన్ ఆపేసే సీటు స్విచ్ విసిగిస్తోందని వైర్లు కలిపేసేవాళ్లున్నారు. ఆ తెలివి వద్దు. ఊరి నుంచి వచ్చిన తాతయ్యలు మనవణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని ఒక చుట్టు తిప్పుతామంటారు. పొలంలో ట్రాక్టర్ నడిపిన చెయ్యే అయినా సరే, ఒప్పుకోకండి. 16 ఏళ్లు నిండనివాళ్లు ఈ మోవర్ నడపకూడదని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది.

విడిభాగాలు తెప్పించడానికి రెండు నంబర్లు కావాలి. మోవర్ మోడల్ నంబరు చాలా బళ్లలో సీటు కింద ఉంటుంది; బెల్టులు, బ్లేడ్లు దానితో దొరుకుతాయి. ఇంజన్ నంబరు ఇంజన్ మీదే వేరుగా ఉంటుంది. పైన బ్రాండు ఏదైనా లోపలున్నది కోలర్ ఇంజనో కవాసకీ ఇంజనో కావచ్చు కాబట్టి, ఫిల్టర్లకీ కార్బ్యురేటర్‌కీ ఆ నంబరే ఆధారం. పాతది కొనబోతే, మీరు వెళ్లేదాకా ఇంజన్ స్టార్ట్ చేయొద్దని అమ్మేవాళ్లకి ముందే చెప్పండి. చల్లటి ఇంజన్ ఎలా అందుకుంటుందో చూడండి. ఆపైన అరగంట నడిపి, వేడి మీద ఒకసారి మిట్ట ఎక్కించి, అప్పుడు బేరమాడండి.