పొలమంతా ఒకే ఫోటోలో



వరద తీసిన మరునాడు గట్టు మీద నిలబడి ఫోటో తీస్తాము. పడిపోయిన వరి అందులో పడుతుంది, ఇసుక మేట వేసిన మడి బయట మిగిలిపోతుంది. చూసే అధికారికి నష్టం ఎంతమేర ఉన్నదో తెలియదు. మరేం చేయాలి? నాలుగైదు ఫోటోలు వరుసగా తీసి ఒకదానికొకటి అతికించవచ్చును. దీనినే పానోరమా అంటారు.

అతికించేది సాఫ్ట్‌వేరు. పక్కపక్క ఫోటోలు రెండింటిలోనూ పడిన గుర్తులను, అంటే తాడిచెట్టు తలనో, మోటారు షెడ్డు మూలనో, అది వెదకి పట్టుకొంటుంది. అవి ఒకదానిపై ఒకటి వచ్చేటట్లు ఫోటోలను వంచి, అతుకు కనబడకుండా రంగులు కలుపుతుంది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన మాథ్యూ బ్రౌన్, డేవిడ్ లోవ్ గార్లు ఈ పని యంత్రమే తనంతట చేసే పద్ధతిని 2003లో ప్రకటించారు. హగిన్ అనే సాఫ్ట్‌వేరు ఉచితంగా దొరుకుతుంది. చాలా సెల్‌ఫోన్లలోనూ ఈ సదుపాయమున్నది.

అసలు పని మాత్రం పొలంలోనే ఉన్నదండీ. కెమెరా ఉన్నచోటు కదలకూడదు. కదిలితే దగ్గరి గట్టు ఎక్కువగా, దూరపు చెట్టు తక్కువగా జరుగుతాయి, అతుకు కుదరదు. నేనొకసారి గట్టు వెంట నడుస్తూ తీస్తే మోటారు షెడ్డు రెండు ముక్కలై కూర్చున్నది! చేయి చాచి గుండ్రంగా తిరిగినా అదే చిక్కు. ఒక గుంజ పాతి, ఫోనును నిలువుగా దానిపై ఆనించి, అక్కడే కొద్దికొద్దిగా తిప్పండి.

ప్రతి ఫోటోలో ముందు ఫోటోలోని మూడో వంతు మళ్ళీ పడవలెను. పైరంతా ఒక్కలాగే ఉంటుంది గనుక ఈ దుబ్బు ఏదో, ఆ దుబ్బు ఏదో సాఫ్ట్‌వేరు పోల్చుకోలేదు. ఆ మూడో వంతులో చెట్టో, స్తంభమో ఉండేటట్లు చూడండి. ఎండవైపు తిరిగితే ఫోను తనంతట వెలుతురు తగ్గించుకొంటుంది. అందుచేత మొదటే వెలుతురును లాక్ చేసుకోండి. గాలి తగ్గిన వేళ తీస్తే మరీ మంచిది.

ఇక ఒక హెచ్చరిక. ఈ బొమ్మను చూసి విస్తీర్ణం లెక్కగట్టవద్దు. తిన్నని గట్టు విల్లులాగా వంగి కనిపించవచ్చు. నడిచిపోయే గేదె రెండుసార్లు పడవచ్చు, సగమే పడవచ్చు. అది చూసి ఎవరైనా 'ఇది కల్పించిన బొమ్మ' అంటే ఏం చెబుతారు? కనుక విడి ఫోటోలను తుడిచివేయకండి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో కుదించుకుపోయి, దానిలోని తేదీ, స్థలం వివరాలు ఊడిపోతాయి. అసలు ఫోటోలు ఫోనులోనే ఉంచి, అధికారి వచ్చినప్పుడు అతికించిన బొమ్మతోపాటు వాటినీ చూపించండి.