గుమ్మెట మ్రోగిన యుద్ధకాలం

దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్.బి.నగర్‌ల మీదుగా సాగే బెజవాడ బాట నేడు మెట్రో స్తంభాల నీడలో, దుకాణాల సందడిలో మునిగి ఉన్నది. ఈ బాట పట్టి పోతే చౌటుప్పల, సూర్యాపేట, ఆపైన కృష్ణా తీరం. 1940 దశకంలో బాటకు ఆ చివర ప్రపంచయుద్ధపు భయం, ఈ ప్రక్క నల్లగొండ పల్లెలలో రైతుల సాయుధపోరాటం. రెండు చోట్లా జనాన్ని రాత్రివేళ ఒకచోట కూర్చుండబెట్టిన వినోదం బుర్రకథ.

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్టణం, కాకినాడల మీద బాంబులు వేయడంతో, అంతవరకు పత్రికలలో చదువుకునే యుద్ధం తెలుగువారి వాకిటికి వచ్చినది. మరుసటి యేడు బెంగాలు కరువు. ఆ 1943లోనే ఆంధ్రదేశంలో ప్రజానాట్యమండలి రూపుదాల్చినది. డాక్టరు గరికపాటి రాజారావు దానికి ఆయువుపట్టు. ఫాసిజమును గూర్చి ఉపన్యాసమిస్తే పల్లెలో ఎందరు వింటారు? అందుకే మండలివారు జనం తరతరాలుగా ఎరిగిన జంగంకథను చేపట్టారు.

ఆ కళలోనే ఒక వెసులుబాటున్నది. నడుమ తంబురాతో కథకుడు, ఇరుప్రక్కల గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. కథ ఏనాటి వీరునిదైనా సరే, రాజకీయపు వంత ఒక్క ప్రశ్న వేస్తే అది బియ్యం ధరకు, దొంగనిల్వలకు దిగివస్తుంది. ఆ మాటలోని చేదు గొంతు దిగేలోగా హాస్యపు వంత నవ్విస్తాడు. గుంటూరు జిల్లా పొన్నెకల్లుకు చెందిన షేక్ నాజరు ఈ విద్యలో నిజంగానే అందెవేసిన చేయి. పాట, నటన, అడుగు మూడూ ఒక్క మనిషిలో అంతగా కుదరడం అరుదు. ఆయనకు పద్మశ్రీ వచ్చినది 1986లో.

ఇందులో ఒక చిక్కు లేకపోలేదు. 1941లో జర్మనీ రష్యా మీద పడిన పిమ్మట కమ్యూనిస్టులు యుద్ధాన్ని బలపరచారు. 1942లో వారి పార్టీపై నిషేధం తొలగినది. క్విట్ ఇండియా వీరులు చెరసాలలలో ఉండగా వీరు జపానును తిడుతూ తిరిగారని ఎత్తిపొడిచినవారున్నారు. ఆ మాటను కొట్టివేయలేము. అయితే సర్కారు ఓర్పు ఎంతోకాలం నిలువలేదు.

తెలంగాణలో సుద్దాల హనుమంతు వెట్టిచాకిరీ బాధను పాటలలో, గొల్లసుద్దులలో చెప్పాడు. వినేవారు ఆ వెట్టి చేసినవారే. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావులు తెలంగాణ రైతు కథను ‘మా భూమి’ నాటకంగా 1947లో రంగస్థలం ఎక్కించారు. నైజాములో బుర్రకథ మీద నిషేధం పడినది; ‘మా భూమి’ని మదరాసు ప్రభుత్వం నిషేధించినది. ఒకటి రాచరికం, మరొకటి ప్రజలెన్నుకున్న ప్రభుత్వం. గుమ్మెట విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట!

1951లో పోరాటం విరమించారు. కళాకారులు చెదరిపోయారు. రాజారావు సినిమాకు వెళ్లి, 1953లో ‘పుట్టిల్లు’ తీసి జమునను తెరకు తెచ్చారు. బుర్రకథ మాత్రం ఊళ్లోనే ఉండిపోయినది. కొన్నేళ్లకు సర్కారే దానిని కుటుంబనియంత్రణ ప్రచారానికి పిలిపించుకున్నది. తంబురా, గుమ్మెటలు, ఇద్దరు వంతలు యథాప్రకారం నిలిచారు. రాజకీయపు వంత వేయవలసిన ప్రశ్నను మాత్రం కచేరీలో వ్రాసి ఇచ్చారు.