సర్వే జవాబులు వచ్చేశాయి, ఇప్పుడేం చేయాలి? షీట్‌లో లెక్క తేల్చే పద్ధతి



కోతలు అయ్యాక చాలా రైతు గ్రూపుల్లో గూగుల్ ఫారం పంపుతున్నారు. ఎంత భూమి, ఏ రకం, ఎన్నిసార్లు జీవామృతం ఇచ్చారు, దిగుబడి ఎంత, ఖర్చు ఎంత అని అడుగుతున్నారు. జవాబులు వచ్చాక ఎవరో ఒకరు "సగటున ఎకరాకు ఇన్ని బస్తాలు" అని వాట్సాప్‌లో పెడతారు. ఆ ఒక్క అంకె చూసి కొత్త రైతు ఉన్న మూడెకరాలూ ఒకేసారి మార్చేస్తాడు. అంకె తప్పయితే నష్టపోయేది ఆయన, చెడ్డపేరు వచ్చేది ప్రకృతి వ్యవసాయానికి. అందుకే మా గ్రూపు షీట్ చూసేటప్పుడు నేను పాటించే పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. ఫార్ములాలు ఎలా టైప్ చేయాలో పై వీడియోలో ఉంది. ఎందుకు చేయాలో ఇక్కడ చదవండి.

1. ముందు కాపీ తీసుకోండి

జవాబులు వచ్చిన అసలు షీట్‌ను ముట్టుకోవద్దు. దాన్ని డూప్లికేట్ చేసి, ఆ కాపీలోనే దిద్దుబాట్లు చేయండి. రేపు ఎవరైనా "నేను అలా రాయలేదు" అంటే అసలుది తీసి చూపించవచ్చు.

2. ఒక వరుస అంటే ఒక మడి

ఒకే రైతు రెండెకరాలు ప్రకృతి పద్ధతిలో, ఎకరం రసాయనాలతో చేస్తుంటే అది రెండు వరుసలు కావాలి. రెండూ కలిపి ఒకే వరుసలో రాస్తే ఏది దేని దిగుబడో తేలదు.

3. కొలతలన్నీ ఒకటి చేయండి

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. ఆంధ్రలో సెంట్లు రాస్తారు, తెలంగాణలో గుంటలు రాస్తారు. ఎకరానికి 100 సెంట్లు, 40 గుంటలు. కాబట్టి సెంట్లను 100తో, గుంటలను 40తో భాగించి అన్నీ ఎకరాల్లోకి మార్చండి.

దిగుబడి ఇంకా చిక్కు. ఒకరు బస్తాల్లో, ఇంకొకరు క్వింటాళ్లలో రాస్తారు. 75 కిలోల బస్తా లెక్కన 22 బస్తాలంటే 16.5 క్వింటాళ్లే. ఎవరైనా ఉత్త "22" అని రాస్తే ఊహించి నింపొద్దు, ఫోన్ చేసి అడగండి. బస్తా ఎన్ని కిలోలదో, తూకం పచ్చి వడ్లదా ఎండినవా అన్నది కూడా అప్పుడే అడగండి.

ఇంకో మాట. గడిలో "30 బస్తాలు" అని ఉంటే షీట్ దాన్ని అంకెగా తీసుకోదు, సగటు తీసేటప్పుడు చెప్పకుండా వదిలేస్తుంది. "రెండున్నర" అన్నా అంతే. గడిలో అంకె మాత్రమే ఉండాలి, కొలత పేరు కాలమ్ పైన రాయాలి.

4. ఖాళీ వేరు, సున్నా వేరు

ఖర్చు గడి ఖాళీగా ఉంటే సగటులోకి రాదు. సున్నా ఉంటే వస్తుంది. సొంత ఆవు ఉన్న రైతు పేడ, మూత్రం ఖర్చు సున్నా అని రాస్తే అర్థం ఉంది. కానీ బెల్లం, శనగపిండి, కూలి కూడా సున్నా అంటే కుదరదు. ఇంటివాళ్ల పని లెక్కలో ఉందా లేదా అన్నదానికి వేరే కాలమ్ పెట్టండి.

5. ఒకే మాటను ఒకేలా రాయండి

జీవామృతం, జీవామృతము, ద్రవ జీవామృతం అని మూడు రకాలుగా రాస్తే షీట్‌కు అవి మూడు వేరు వేరు వస్తువులు. యూనిక్ ఫార్ములా పెడితే ఎన్ని రకాలుగా రాశారో వరసగా కనిపిస్తుంది. ఫైండ్ అండ్ రీప్లేస్‌తో ఒకటి చేయండి. వచ్చే ఫారంలో టైప్ చేయమనకుండా డ్రాప్‌డౌన్ ఇస్తే ఈ బాధే ఉండదు.

ఒకటికంటే ఎక్కువ టిక్కులు పెట్టే ప్రశ్నకు (నీమాస్త్రం, బ్రహ్మాస్త్రం, అగ్నిఅస్త్రం) జవాబులన్నీ ఒకే గడిలో కామాలతో వస్తాయి. కౌంట్‌ఇఫ్‌లో ఆ పేరుకు ముందూ వెనకా నక్షత్రం గుర్తు పెడితేనే లెక్క వస్తుంది. అన్నీ కూడితే నూరు శాతం దాటుతుంది, కంగారు పడొద్దు.

6. సగటు ఒక్కటే చూడొద్దు

ఉదాహరణకు ఐదుగురికి ఎకరాకు 18, 20, 21, 22, 44 బస్తాలు వచ్చాయనుకుందాం. సగటు 25. కానీ నలుగురికి 25 రాలేదు! మీడియన్, అంటే వరసలో నడిమి అంకె, 21. కొత్త రైతుకు చెప్పాల్సింది ఇదే. ఆ 44ను తీసేయొద్దు, ఫోన్ చేయండి. టైపింగ్ పొరపాటో, నిజంగానే నేర్చుకోవాల్సింది ఉందో తెలుస్తుంది.

ఇలాంటిదే ఇంకొకటి. ఒకరు 10 సెంట్లలో 4 బస్తాలు (ఎకరాకు 40), ఇంకొకరు 5 ఎకరాల్లో 100 బస్తాలు (ఎకరాకు 20) తీశారనుకోండి. రెండింటి సగటు 30 అంటే మోసపోయినట్టే. మొత్తం 104 బస్తాలను మొత్తం 5.1 ఎకరాలతో భాగిస్తే సుమారు 20.4 వస్తుంది. గ్రూపు మొత్తానికి చెప్పేటప్పుడు ఈ లెక్క వాడండి.

7. పోల్చదగినవాటినే పోల్చండి

సాంబ మసూరి సుమారు 150 రోజుల పంట, 1010 రకం 120 రోజులది. రెండూ కలిపి దిగుబడి చూడకూడదు. అలాగే మొదటి ఏడాది మడిని, నవధాన్యాలు చల్లుతూ నాలుగేళ్లుగా చేస్తున్న మడిని ఒకే గాటన కట్టొద్దు. పైవట్ టేబుల్‌లో వరుసల్లో రకం, నిలువులో ఎన్నేళ్లనుంచి చేస్తున్నారన్నది పెట్టండి. దిగుబడి పక్కనే అమ్మిన డబ్బులోంచి ఖర్చు తీసేస్తే మిగిలింది కూడా చూడండి. నాలుగు బస్తాలు తగ్గినా చేతిలో మిగిలేది పెరగవచ్చు, తగ్గవచ్చు కూడా. ఏదైతే అదే రాయాలి.

ఒక గడిలోకి ముగ్గురే వస్తే "67 శాతం" అనొద్దు, "ముగ్గురిలో ఇద్దరు" అనండి.

8. జవాబు ఇవ్వనివాళ్లు

60 మందికి పంపితే 24 మంది నింపారనుకోండి. మిగతా 36 మంది ఎవరు? పంట బాగా వచ్చినవాళ్లు ఉత్సాహంగా నింపుతారు, ఏడాది చేసి మానేసినవాళ్లు నింపరు. వాళ్లలో కనీసం పదిమందికి ఫోన్ చేయండి. కలుపు వల్ల మానేశారా, కూలి దొరకకా, అమ్ముకోలేకా? కొత్త రైతుకు ఎక్కువ పనికొచ్చే సమాచారం వాళ్ల దగ్గరే ఉంటుంది.

9. పొలంలో సరిచూసుకోండి

వీలైతే కొన్ని మళ్లలో కోత ప్రయోగం చేయండి. మడిలో ఎక్కడ కోయాలో ముందే చీటీ తీసి, 5 మీటర్లు బై 5 మీటర్లు కొలిచి, కోసి, నూర్చి, ఎండబెట్టి తూచండి. వచ్చిన కిలోలను 162తో గుణిస్తే ఎకరా దిగుబడి. రైతు చెప్పినదానికీ దీనికీ తేడా ఎంతో అదే షీట్‌లో పక్కన రాయండి.

ఫలితం గ్రూపులో పెట్టేముందు పేర్లు, ఫోన్ నంబర్ల కాలమ్‌లు తీసేయండి. దాచడం కాదు, తీసేయాలి. అంకెతోపాటు ఎంతమంది చెప్పారు, ఏ రకం, ఏ సీజన్ అన్న మూడూ తప్పకుండా రాయండి. అవి లేని అంకె మీ గ్రూపులోకి వస్తే, ఫార్వర్డ్ చేసేముందు పంపినవాళ్లను అవే అడగండి.