విమానం ముక్కు ఎప్పుడు దించాలి?



తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి ఒకనాడు బడి నుంచి కాగితం తెచ్చి, "అమ్మా, ఎన్.సి.సి. ఎయిర్ వింగ్‌లో చేరతాను, సంతకం పెట్టు" అంది. నా గుండె గుభేలుమంది. ఆ కాగితాన్ని పోపులపెట్టె కింద పెట్టి, నాలుగు రోజులు వాళ్ళనీ వీళ్ళనీ అడిగాను. తెలుసుకున్నది మీకూ చెబుతాను.

హైస్కూలు పిల్లల్ని ఎకాయెకీ విమానం నడపమనరు లెండి. 1950లో మొదలైన ఈ ఎయిర్ వింగ్‌లో బడిపిల్లలకు కవాతుతోబాటు విమానం ఎలా ఎగురుతుందో పాఠాలు చెబుతారు. తేలికపాటి బల్సా కర్రతో నమూనా విమానాలు చేయిస్తారు.

చిన్నప్పుడు బస్సు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి తిట్లు తినని వాళ్ళెవరు? అరచేతి ముందంచు కాస్త ఎత్తితే గాలి చేతిని పైకి తోస్తుంది. రెక్క పనీ అదే. గాలిని కిందికి మళ్ళిస్తుంది, గాలి దాన్ని పైకి నెడుతుంది. తోక దగ్గరుండే ఎలివేటర్ ముక్కును పైకీ కిందికీ ఆడిస్తుంది. రెక్కల చివర ఐలరాన్లు పక్కలకు ఒరిగిస్తాయి. నిలువు తోకకున్న రడ్డర్ ముక్కును కుడిఎడమలకు తిప్పుతుంది.

"మరి ఇంజను ఆగిపోతే?" అన్నాను. "రెక్కలుంటాయిగా అమ్మా, జారుతూ దిగుతుంది" అంది మా అమ్మాయి. అసలు జాగ్రత్త వేరే ఉందట. చెయ్యి మరీ నిలువుగా ఎత్తితే పైకి లేవదు సరికదా, వెనక్కి కొట్టుకుంటుంది. అలాగే ముక్కు మరీ ఎత్తితే రెక్క పైభాగాన గాలి అంటిపెట్టుకుని సాగక విడిపోతుంది, మోసే బలం తగ్గిపోతుంది. దీన్ని స్టాల్ అంటారు. (ఎగ్జిబిషన్‌లో మిరపకాయ బజ్జీల స్టాల్ కాదు, ఇంజను ఆగిపోవడమూ కాదు!) విమానం దిగజారుతుంటే ముక్కు ఇంకా పైకి లాగాలనే ఎవరికైనా అనిపిస్తుంది. కొంప ముంచేది అదే. ముందు ముక్కు దించాలి. గాలి మళ్ళీ రెక్కను పట్టుకుని వేగం వచ్చాక, నెమ్మదిగా పైకి తీసుకోవాలి. విమానం నేర్చుకునేటప్పుడు గురువు పక్కనే కూర్చుని, బాగా ఎత్తున కావాలనే స్టాల్ చేయించి, చేతులకు ఈ అలవాటు చేయిస్తాడు. ఇది విన్నాక నా భయం సగం తగ్గింది.

నిజంగా నడపాలంటే 16 ఏళ్ళు నిండి, పదో తరగతి పాసై, వైద్య పరీక్షలో నెగ్గాలి. అప్పుడు స్టూడెంట్ పైలట్ లైసెన్సు ఇస్తారు. 18 ఏళ్ళకు, 200 గంటలు ఎగిరాక, ఉద్యోగానికి పనికొచ్చే లైసెన్సు. దాని ఖర్చు లక్షల్లో మాట. అది విని మావారు పేపరు అడ్డం పెట్టుకున్నారు!

ఆడపిల్లలకెందుకంటారా? సరళా థక్రాల్ 1936లో చీర కట్టుకుని జిప్సీ మాత్ విమానం నడిపింది. అప్పటికామెకు 21 ఏళ్ళు. ప్రేమ్ మాథుర్‌కు పైలట్ ఉద్యోగమిచ్చింది మన హైదరాబాదు డెక్కన్ ఎయిర్‌వేసే.

కాగితానికి కాస్త నూనె మరక అంటింది. సంతకం పెట్టి ఇచ్చేశాను. మా అత్తగారికి మాత్రం ఇంకా చెప్పలేదు.