ఇంగ్లీషున కలుపుమాటలు

శ్రోతలారా! గోదావరి తీరమున ముప్పది యేండ్లు ఇంగ్లీషు వ్యాకరణము బోధించినవాడను. అంతకుమున్ను గురువులయొద్ద కౌముదిని చదివినవాడను. కావున నేటి ప్రసంగమునకు సంస్కృతమును తెలుగును తోడు తెచ్చుకొనక తప్పదు.

రెండు పదములనుగాని, రెండు వాక్యములనుగాని సమానప్రతిపత్తితో కలుపు చిన్న మాటలను ఇంగ్లీషున ఏడింటిని లెక్కింతురు: అండ్, బట్, ఆర్, నార్, ఫర్, యెట్, సో. మొదటి మూడింటితోనే మనకు నిత్యవ్యవహారము.

తెలుగున సముచ్చయమునకు వేరు మాట యక్కరలేదు. 'రాముడును లక్ష్మణుడును' అని ప్రతిపదము చివర 'ను' చేర్తుము. వాడుకలో దీర్ఘముతోనే సరిపెట్టుకొందుము. ఇంగ్లీషువారు పలుపేర్లు వరుసగ చెప్పి, కడపటిదానికి ముందు ఒక్క 'అండ్' ఉంతురు. దానిని చూచి మనవారు ప్రతిచోటను 'మరియు' అని వ్రాయుట తెలుగు పలుకుబడి కాదు.

పాణిని చకారార్థమున ద్వంద్వసమాసమును విధించెను. ఆ చకారమునకు వ్యాఖ్యాతలు నాలుగర్థములు చెప్పిరి. 'అండ్' అనుదానికిని అర్థమొక్కటి కాదు. 'వర్క్ అండ్ యు విల్ పాస్' అన్నచో 'కష్టపడితివేని గట్టెక్కుదువు' అని భావము. 'కష్టపడుము మరియు గట్టెక్కుదువు' అనిన నవ్వుబాటు.

'ది రివర్ రోజ్, బట్ ది బండ్ హెల్డ్': ఏరు పొంగెను, కాని గట్టు నిలిచెను. ఇచట మన పిల్లలు మొదట 'ఆల్దో' చేర్చియు 'బట్' విడువరు. 'ఆల్దో' మొదటి వాక్యమును రెండవదానికి లోబరచును. లోబడినదానిని మరల సమానముగ కలుపుట కుదరదు. రెంటిలో నొకటి చాలును. 'నార్' వాక్యమును కలుపునపుడు మరియొక నియమము: 'హి డిడ్ నాట్ కమ్, నార్ డిడ్ హి రైట్' అని సహాయక్రియ కర్తకు ముందు నిలుచును.

ఇక 'ఆర్'. ఇది వికల్పము. దీని బరువు నాకు పుస్తకమున తెలియలేదు. నేను క్రొత్తగా ఉద్యోగమున చేరిన నాళ్లలో, వరదకు పంట పోయిన రైతొకడు వచ్చి, "నీటితీరువ తగ్గించమనీ, మిగతాదానికి గడువిమ్మనీ అర్జీ రాయండి, పంతులుగారూ" అనెను. రెండును కోరుట అత్యాశగ తోచునేమోయని, వినయమునకై నడుమ 'ఆర్' వేసితిని. కచ్చేరివారు గడువుమాత్ర మిచ్చిరి. వారి తప్పు లేదు. అర్జీ యట్లే యున్నది. గడువునాటికి ఆ రైతు పాడియావు నమ్మి తీరువ యంతయు కట్టెను. పంతులుగారికి తెలియదా యని నమ్మి వ్రేలిముద్ర వేసినవాడు. నన్నొక్క మాటయు ననలేదు.

నాటినుండి ఎవరికి అర్జీ వ్రాసినను ముందుగ అడుగుచున్నాను: "రెండునా, రెంటిలో నొకటియా?" తల్లిదండ్రులారా! మీ పిల్లలకు పెద్ద మాటలు నేర్పుటకు ముందు ఈ ప్రశ్న నేర్పుడు. సెలవు.