నాటింగ్‌హాము బాతుల సంత

2023వ సంవత్సరమున ఉపాధ్యాయ శిక్షణకు సంబంధించిన యొక తరగతి నిమిత్తము మేము ఇంగ్లాండు దేశమందలి నాటింగ్‌హాము పట్టణమున నివసించుచుంటిమి. స్వదేశము విడిచి నెలయైనను కాలేదు. ఇంటిమీద బెంగ మెండుగా నుండెను. అది గ్రహించి మా సహాధ్యాయులిద్దరు ఒక సాయంకాలమున మమ్మును “బాతుల సంత”కు తోడుకొనిపోయిరి. పేరు విని, బాతులను చూడబోవుచున్నామనియే మేము తలచితిమి. మైదానము వెలుపలి కూడలియందు నిలిపిన పెద్ద బొమ్మబాతు తప్ప అచ్చట నొక్క బాతైనను లేదు. మేము వెదకుచుండుట చూచి స్నేహితులు నవ్విరి. బాతులు లేని సంతకు ఆ పేరేల వచ్చెనో తరువాత విచారించి తెలిసికొంటిమి. అదియే యిక్కడ వ్రాయుచున్నాము.

ఈ సంత మిక్కిలి ప్రాచీనమైనది. 1284లో ఒకటవ ఎడ్వర్డు రాజు ఆ పట్టణమునకిచ్చిన శాసనపత్రమునందే పరిశుద్ధ మత్తయి దినపు సంత పేర్కొనబడినది; అనగా అప్పటికే అది వాడుకలో నుండెనన్నమాట. సంత జరుపు హక్కును ఆ కాలమున రాజునొద్ద పొందవలసియుండెను. ఏలయనగా సంత యన్నచోట సుంకములు వసూలగును. మత్తయియు సుంకరియే గదా! సుంకములు పోగగు సంతకు ఆయన దినమే కుదురుట చూచి మేము లోలోపల నవ్వుకొంటిమి.

ఆ దేశపు చలికాలము మన చలికాలము వంటిది కాదు. అప్పుడు గడ్డి యెదుగదు, పంట పండదు. కాబట్టి కోతలైన పిమ్మట జనులు చలికాలమునకు వలయు సరకులను ఒక్కమారే కొని దాచుకొనుచుండిరి. మన యిండ్లలో వేసవియందు ఏడాదికి సరిపడు కందులును మిరపకాయలును కొని, ఊరగాయలు పెట్టుకొనుట లేదా? నాటింగ్‌హామువారికి ఈ సంత యొక గాదె వంటిది. కోసిన పొలములలో రాలిన గింజలు తిని బాతులు ఆ సమయమునకు బాగుగా క్రొవ్వియుండును. సెప్టెంబరు 29వ తేదీన, మిఖాయేలు దినమున, బాతుమాంసము వండుకొనుట అప్పటి యాచారము. అందుచేత లింకన్‌షైరు, నార్ఫోకు సీమలనుండి బాతుల మందలను సంతకు తోలుకొనివచ్చుచుండిరి. “బాతుల సంత” యను పేరు 1541 నాటి వ్రాతలలో మొదట కానవచ్చుచున్నది.

రైళ్లు లేని ఆ దినములలో బాతులు ఎన్నో దినములు నడచియే రావలెను. అరికాళ్లు పగులకుండునట్లు వాటిని ముందుగా తారులోను, పిదప ఇసుకలోను నడిపించెడివారట. అది గట్టిపడి వాటికి చెప్పులవలె నుండెడిది. కంకరబాటపై నడచు ఎద్దులకు లాడములు కొట్టించు మన రైతులకు ఇది వింతగా తోపదు. కోసిన వరిమళ్లలో బాతులను మేపుచు ఊరినుండి యూరికి సాగిపోవువారిని కృష్ణా, గోదావరి, నెల్లూరు ప్రాంతములందు మనమును చూచియేయున్నాము.

1752లో ఇంగ్లాండువారు తమ పంచాంగమును సవరించి 11 దినములను తీసివేసిరి. దానితో సెప్టెంబరు 21వ తేదీనాటి సంత అక్టోబరు 2వ తేదీకి జరిగెను. (బాలురు ఈ లెక్కను తామే సరిచూచుకొందురు గాక!)

ఈ సంతలో బాతుల తరువాత పేరుపడినది చీజు అను జున్నుగడ్డ. 1766వ సంవత్సరమున ఆ దేశమంతట ఆహారపదార్థముల ధరలు పెరిగెను. పైయూరి వర్తకులు జున్నుగడ్డలను పెద్దమొత్తమున కొని తీసికొనిపోవుట చూచి, తమకేమియు మిగులదని పట్టణపు బీదలు ఆగ్రహించిరి. అంగళ్లను దోచిరి, బండిచక్రములవంటి గడ్డలను వీధులలో దొర్లించిరి. శాంతింపజేయ వచ్చిన మేయరునే యొక గడ్డ క్రింద పడద్రోసెనట! ఇంతవరకు నవ్వు వచ్చును. పిమ్మట సైనికులు వచ్చి తుపాకులు కాల్చిరి; అందు మరణించినవాడు దోపిడికాడు కాడు, జున్నుగడ్డలకు కావలియున్న యొక మనుష్యుడు. ఈ కథను మాకు చెప్పిన స్నేహితుడు నవ్వుచు మొదలుపెట్టి, ఇచ్చటికి వచ్చుసరికి స్వరము తగ్గించెను. ధర పెరిగిననాడు బీదవాని మనస్సెట్లుండునో మేమును ఎరుగుదుము గనుక మారు పలుకలేదు.

రైళ్లును నిత్యపు అంగళ్లును వచ్చిన పిదప గాదెతో పని తీరిపోయెను, వినోదములే మిగిలెను. 1928లో సంతను నడిబజారునుండి ఫారెస్టు మైదానమునకు మార్చిరి. రెండు ప్రపంచయుద్ధముల కాలమునను, మహమ్మారిచే 2020, 2021 సంవత్సరములందును అది జరుగలేదు. 2022 మొదలు పది దినములు జరుపుచున్నారు. మేము చూచినది దీపములు, రంగులరాట్నములు, చెవులు గింగురుమను సంగీతము. మెత్తగా ఉడికించిన బఠాణీలపై పుదీనా పులుసు పోసి యిచ్చిరి. దాని వెలను రూపాయలలోనికి మార్చి చూచుకొనుట మా పొరపాటు. తినుట ముగియువరకు ఆ లెక్క మనస్సును వీడలేదు.

మేము అద్దెకున్న యింటి యజమానురాలు ఎనుబదియేండ్ల వృద్ధురాలు. మోకాళ్లనొప్పిచే రాలేక, “నాకొక కోడిపుంజును తెచ్చిపెట్టెదరా?” అని యడిగెను. అది పుల్లకు గ్రుచ్చిన పంచదార పుంజు. మన తిరునాళ్లలోని పంచదార చిలకలను అచ్చులలో పోయుదురు గదా. దీనిని మాత్రము వేడిపాకమును చేతులతో సాగదీసి మలచెదరు. జాగ్రత్తగనే పట్టుకొంటిమి గాని, జనసమ్మర్దములో దాని తోక విరిగిపోయెను. సిగ్గుపడుచు ఆ రెండు ముక్కలను ఆమె ముందుంచితిమి. ఆమె తోకను మా చేతికిచ్చి, తలను తన నోటనుంచుకొని, యుద్ధము ముగిసిన పిమ్మట తండ్రి భుజములపై కూర్చుండి మొదట ఆ సంతను చూచిన సంగతి చెప్పుచు, రాత్రి పదిగంటలు దాటువరకు మమ్మును లేవనీయలేదు.