కుక్కపిల్ల కన్నా ముందే డాక్టరు

రాత్రి పదకొండు దాటింది. మూడు నెలల లాబ్రడార్ పిల్ల పొద్దుటి నుంచి ఏమీ ముట్టలేదు. సాయంత్రం వాంతులు మొదలయ్యాయి, ఇప్పుడు నెత్తురు విరేచనాలు. ఇంటాయన ఫోన్‌లో ఒక్కో క్లినిక్ నంబరూ నొక్కుతున్నాడు. ఒకరు ఎత్తరు, ఇంకొకరు పొద్దున తీసుకురమ్మంటారు. పిల్లను తెచ్చి నెల దాటినా ఆ ఇంట్లో ఎవరూ డాక్టరు గడప తొక్కలేదు.

పార్వో వైరస్ ఎన్నో ఇళ్లకు ఇలాగే వస్తుంది. పిల్ల బతకాలంటే రోజుల తరబడి సెలైన్ ఎక్కించాలి, వాంతులు అదుపు చేయాలి, రక్తపరీక్షలు చేయించాలి. అంతా చేసినా కొన్ని దక్కవు. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి వేయించే టీకాలకు అయ్యే ఖర్చు ఈ చికిత్స ముందు చాలా చిన్నది. అందుకే పిల్లను తేవాలనుకున్న రోజే డాక్టరును వెతకాలి.

వెతకడం మొదలుపెట్టాల్సింది పశువుల ఆసుపత్రి నుంచే. ఆ బోర్డు చూడగానే అది గేదెలకూ మేకలకూ మాత్రమేనని పట్నం జనం అనుకుంటారు. హైదరాబాద్ నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి పశువైద్య కళాశాలల ఆసుపత్రుల్లో కుక్కలకూ పిల్లులకూ చికిత్స చేస్తారు. ఏటా జులై 6న, 1885లో లూయీ పాశ్చర్ తొలిసారి ఒక బాలుడికి రేబిస్ టీకా ఇచ్చిన రోజు గుర్తుగా, ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తారు. లక్షణాలు బయటపడ్డాక రేబిస్ దాదాపు ఎవరినీ వదలదు. ఈ టీకా ఇంటిల్లిపాదికీ రక్ష.

ప్రైవేటు క్లినిక్‌కు వెళ్లేవారు రాష్ట్ర పశువైద్య మండలిలో రిజిస్ట్రేషన్ ఉందా అని అడగడానికి మొహమాటపడొద్దు. పల్లెల్లో ఎదకొచ్చిన గేదెకు సూది వేయడానికి గోపాలమిత్ర ఉంటారు. పార్వోకు చికిత్స వారి పని కాదు. రాత్రిపూట ఎవరు చూస్తారు, ఎక్స్‌రే, స్కానింగ్ ఎక్కడ, ఆపరేషన్ అవసరమైతే ఎవరి దగ్గరకు పంపుతారు? ఇవి తీరిగ్గా ఉన్నప్పుడు అడగాల్సిన ప్రశ్నలు.

ఇక డబ్బు. టీకాలు, నులిపురుగుల మందు ఏటా ఉండే ఖర్చులే. దెబ్బ తీసేది అనుకోకుండా వచ్చిపడేది. చెవి మడత వెనకో, కాలివేళ్ల సందుల్లోనో శనగగింజంత ఉబ్బి వేలాడే పిడుదును చాలామంది గిల్లి పారేసి ఊరుకుంటారు. అది అంటించే జ్వరంతో కుక్క నీరసించి, ప్లేట్‌లెట్లు పడిపోయి, ముక్కు నుంచి నెత్తురు కారేదాకా వెళ్లొచ్చు. పిడుదుల మందు వేళకు వాడితే ఆ పరీక్షలూ ఆసుపత్రి చుట్టూ తిరుగుళ్లూ చాలావరకు తప్పుతాయి. ఆడకుక్కకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే, పెద్ద వయసులో గర్భసంచిలో చీము పట్టి ప్రాణం మీదికొచ్చే ముప్పు దాదాపు పోతుంది. సొంత వైద్యం మాత్రం వద్దు. మనుషులు వేసుకునే పారాసిటమాల్ మాత్ర ఒక్కటి చాలు, పిల్లి ప్రాణం తీయడానికి.

నెలకు వెయ్యి రూపాయలు విడిగా వేస్తే ఏడాదికి పన్నెండు వేలు. పెద్ద ఆపరేషన్‌కు అది సరిపోకపోవచ్చు, ఆ రాత్రి డాక్టరు దగ్గరకు పరుగెత్తడానికి మాత్రం ధైర్యమిస్తుంది. కుక్కలకు బీమా కూడా ఉంది. అయితే వయసు పరిమితులు ఉంటాయి, అప్పటికే ఉన్న జబ్బులకు సాధారణంగా వర్తించదు. కాబట్టి పిల్లగా ఉన్నప్పుడే షరతులు చదివి తీసుకోవాలి. టీకాల కార్డు భద్రంగా దాచాలి.

ఈ వారమే వెళ్లండి, ఏ జబ్బూ లేనప్పుడే. బరువు తూయించండి, ఆ గదినీ ఆ చేతులనూ కుక్కను వాసన చూడనివ్వండి. వచ్చేటప్పుడు రాత్రి చూసే డాక్టరు నంబరు రాయించుకుని ఫ్రిజ్ తలుపు మీద అంటించండి.